డబ్బాలో విత్తు దాచారు, మరి ఏటి సంగతి?

గేదె ఎదకొస్తే పశువుల ఆసుపత్రికి తోలుకెళతాం. లేదంటే కబురు చేస్తే సూది వేసే కుర్రాడే బండికి డబ్బా కట్టుకుని ఇంటికొస్తాడు. మూత తీయగానే పొగలు కక్కే ఆ డబ్బాలో ఉండేది ద్రవ నత్రజని. సున్నాకి దిగువన 196 డిగ్రీల చలి. సన్నటి స్ట్రాల్లో నింపి అందులో ముంచిన ఆబోతు వీర్యం ఏళ్ల తరబడి చెడదు. ఆబోతు చచ్చిపోయినా దాని దూడలు పుడుతూనే ఉంటాయి. మన రైతులకు ఇదేం కొత్త కాదు. అమెరికాలో కొందరు ఇదే పని చేపలకు చేస్తున్నారు. పాలకోసమో మాంసం కోసమో కాదు, జాతి మిగలాలని.

ఆ చేప పేరు సాల్మన్. మన పులస సముద్రంలోంచి గోదావరికి ఎదురీదినట్టే ఇదీ ఎదురీదుతుంది. కాకపోతే తను పుట్టిన వాగునే వెతుక్కుంటూ పోయి, అక్కడే గుడ్లు పెడుతుంది. అందువల్ల ఒక్కో వాగు చేపకి ఒక్కో తీరు. వచ్చే నెల వేరు, తట్టుకునే చలి వేరు. ఒక వాగులో చేప అంతరిస్తే పక్క వాగుది తెచ్చి వదిలితే పోలా అంటారేమో. మెట్ట వరి విత్తనం తెచ్చి ముంపు చేలో చల్లినట్టుంటుంది.

ఐడహో రాష్ట్రంలో రెడ్‌ఫిష్ లేక్ అనే సరస్సు ఉంది. సముద్రానికి దాదాపు 1,450 కిలోమీటర్లు. దారిలో ఎనిమిది ఆనకట్టలు. సాకై రకం సాల్మన్ గుడ్లు పెట్టే వేళకి ఎర్రబడుతుంది. వాటితో సరస్సే ఎర్రగా కనపడేదని దానికా పేరొచ్చింది. అలాంటి సరస్సుకి 1992లో తిరిగొచ్చింది ఒకే ఒక్క సాకై. అదీ మగది. జనం దానికి ‘ఒంటరి లారీ’ అని పేరు పెట్టారు (మన ధాన్యం లారీ కాదు, అక్కడ అది మనిషి పేరు). దాని వీర్యం తీసి నత్రజనిలో దాచారు. తర్వాతి ఏళ్లలో హేచరీలో పెంచిన ఆడచేపల గుడ్లకు వాడారు. 1991 నుంచి 1998 దాకా ఎనిమిదేళ్లలో సముద్రం నుంచి సొంతంగా వచ్చినవి 16 చేపలే. హేచరీ పిల్లల పుణ్యమా అని 2014లో 1,500 పైచిలుకు వచ్చాయి. మరుసటి ఏడే ఏటి నీళ్లు వేడెక్కి, వస్తున్నవాటిలో చాలా భాగం దారిలోనే చచ్చాయి.

అదే 1992లో అక్కడి నెజ్ పర్స్ తెగవాళ్లు చినూక్ రకం సాల్మన్ వీర్యం దాచడం మొదలుపెట్టారు. ఈ ఏళ్లలో చేపలు పట్టుకునే హక్కు వాళ్లకి 1855 నాటి ఒప్పందంలో రాసిచ్చిందే. చేపలే లేకపోతే ఆ కాగితం దేనికి? వాళ్ల పద్ధతి నాకు నచ్చింది. ఒక్కో వాగు చేపది దానికదే విడిగా దాచారు. సరుకుని రెండు విశ్వవిద్యాలయాల్లో వేరువేరుగా పెట్టారు. నత్రజని అయిపోయి స్ట్రాలన్నీ బూడిదపాలైన కేంద్రాల సంగతి మనలో కొందరికి తెలిసిందే కదా!

పని చూడ్డానికి తేలిక. పొట్ట మెల్లగా నొక్కితే వీర్యం వస్తుంది. ఒక్క నీటిచుక్క తగిలిందా, కణాలు ఈత మొదలుపెట్టి నిమిషం తిరక్కుండానే అలిసిపోతాయి. అందుకని పొడిగా పట్టి, గడ్డకట్టేటప్పుడు కణం పగలకుండా మందు కలిపి స్ట్రాల్లో నింపుతారు.

అయితే ఇది సగం విత్తే. చేప గుడ్డుని ఇలా దాచే ఉపాయం ఇంతవరకు కుదరలేదు. సాల్మన్ గుడ్డు బఠాణీ గింజంత. సొన, నీరు ఎక్కువ కాబట్టి గడ్డకడితే చితికిపోతుంది. జపాన్‌లో యోషిజాకి బృందం మాత్రం గడ్డకట్టించిన వృషణాల నుంచి కణాలు తీసి, ట్రౌట్ చేపల్లోకి ఎక్కించి, గుడ్లు కూడా పుట్టించింది. 2013లో ఆ సంగతి ప్రకటించారు. గొప్ప పనే, కానీ స్ట్రా నింపినంత సులువు కాదు. అంచేత ఆడచేపలు బతికుండగానే మేల్కోవాలి. ఒక్క మగచేపవి వెయ్యి స్ట్రాలకన్నా వంద మగచేపలవి పదేసి మేలు. లారీ ఒక్కటే మిగిలినప్పుడు దాచడమంటే, పంట కాలిపోయాక కళ్లంలో గింజలు ఏరుకోవడమే.

ఇక అసలు తగువు ఏటిది. స్నేక్ నది దిగువన నాలుగు ఆనకట్టలు 1961, 1975 మధ్య పూర్తయ్యాయి. వాటిని తీసేయాలని తెగలవాళ్లు అడుగుతున్నారు. తీస్తే పడవల మీద గోధుమలు ఎలా పంపాలని అక్కడి రైతులు అడుగుతున్నారు. ఆ రైతుని నేను తప్పుపట్టలేను, రవాణా ఖర్చు ఎంత బరువో మనకి తెలుసు. 2023 డిసెంబరులో ప్రభుత్వం తెగలతోనూ, రెండు రాష్ట్రాలతోనూ ఒప్పందం చేసుకుంది. 2025 జూన్‌లో దాన్ని రద్దు చేసింది. డబ్బాలో విత్తు భద్రంగా ఉంది కదా అని ఈ తగువుని ఏటికేడు వాయిదా వేస్తే మాత్రం నేనొప్పుకోను. రేపు ఆ స్ట్రాల్లోంచి పిల్లలు పుడితే, వాటిని వదలడానికి చల్లటి నీళ్లు, సముద్రానికి దారి ఉండాలిగా!

మన చెరువుల సంగతికొస్తే, బొచ్చె, శీలావతి, మోసు వీర్యం దాచే పద్ధతి లక్నోలోని జాతీయ చేపల జన్యు వనరుల సంస్థ దగ్గరుంది. భువనేశ్వర్ మంచినీటి చేపల పరిశోధన సంస్థ త్వరగా పెరిగే జయంతి శీలావతిని తయారుచేసింది ఒక చెరువు చేపతో కాదు. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర, ఐదు నదుల చేపల్ని కలిపి మొదలుపెట్టింది. అడవిచేపలో ఆ రకరకాల వాటం ఉండబట్టే కుదిరింది. ఏళ్ల తరబడి అవే తల్లిచేపలతో, వాటి పిల్లలతోనే నెట్టుకొచ్చే హేచరీలో పిల్ల కొంటే ఎదుగుదల తగ్గుతుంది, నష్టపోయేది చెరువు కౌలు కట్టే మనమే. ఈసారి పిల్లకి వెళ్లినప్పుడు ధర అడిగే ముందు, తల్లిచేపలు ఎక్కడివి, కొత్తవి తెచ్చి ఎన్నాళ్లయింది అని అడిగి చూడండి.