వంటయింటి సంగతులు: అందఱికిని అందు ట్రైఫిల్



ఈ మాసము ట్రైఫిల్ అను తీపిపదార్థమును గూర్చి వ్రాయుచున్నాము. ఇంగ్లీషు భాషలో ఈ మాటకు అల్పవస్తువని యర్థము. నిజమునకు దీనియందు మహావిద్య యేదియు లేదు. అడుగున రొట్టెయో కేకో, దానిపై పండ్లరసము, ఆపైని పండ్లముక్కలు, కస్టర్డు, మీగడ, ఇట్లు పొరలు పొరలుగా గాజుగిన్నెలో పేర్చి చల్లబఱచి వడ్డించుటయే. పొయ్యియొద్ద పని అరగంటకు మించదు. ఓవెన్ అక్కఱలేదు.

ఐనను ఉప్పల్, నాచారము ప్రాంతములందలి మా పరిచితురాండ్రలో పలువురు దీనిని పెండ్లి హాలులలో చూచినవారే కాని యింట చేసినవారు కారు. కారణమడిగినచో, అందులో గ్రుడ్డుండును గదా, అత్తగారు ముట్టరని యొకరు, ఆ జెల్లీ దేనితో చేయుదురో యెవరికి తెలియునని యొకరు, మామగారికి చక్కెరవ్యాధి, ఆయన చూచుచుండగా మేమెట్లు తినగలమని మఱియొకరు చెప్పుదురు. ఈ మూడు సందేహములును సమంజసములే. తీపి యెంత రుచిగా నున్నను, ఇంటిలో నొకరు గిన్నెను ప్రక్కకు నెట్టి కూర్చుండవలసివచ్చిన నది మా దృష్టిలో సగము చెడిన వంట. కావున పొరలను గూర్చి చెప్పుటకు ముందు, ఏ పొరలో నేమున్నదో తెలిసికొందము.

ఇంగ్లండులో 16వ శతాబ్ది చివర థామస్ డాసన్ అను నతడు కూర్చిన వంటల పుస్తకములో ట్రైఫిల్ అను పేరున్నది కాని పొరలు లేవు. మీగడను చక్కెర, అల్లము, పన్నీరు చేర్చి కాచుట మాత్రమే యున్నది. 18వ శతాబ్ది మధ్యమున హన్నా గ్లాస్ అను నామె పుస్తకము ప్రసిద్ధికెక్కునాటికి అడుగున నానిన బిస్కత్తులు, వానిపై గ్రుడ్డుతో చేసిన కస్టర్డు, ఆపైని నురుగుకట్టిన మీగడ చేరినవి. బిస్కత్తులను ద్రాక్షసారాయితో తడుపుట వారి యాచారము. మనకు బత్తాయిరసము చాలును. నల్లగొండ బత్తాయి మన యింటిముంగిటకే వచ్చుచున్నది.

పరదేశపు వంట మనకేల యని యాక్షేపించువారికి మన నగరమే సమాధానము. రొట్టెముక్కలను నేతిలో వేయించి పాలలోను పాకములోను నాననిచ్చిన డబుల్ కా మీఠా, ఎండు ఖుబానీ పండ్లను రాత్రి నానబెట్టి చక్కెరతో నుడికించి, గింజలలోని పప్పు పైని చల్లి, మీగడతోనో కస్టర్డుతోనో వడ్డించు ఖుబానీ కా మీఠా, ఈ రెండును హైదరాబాదు విందులలో ఎఱుగనివారు లేరు. వీనిని ఒకే గిన్నెలో ఒకదానిపై నొకటి వేసి చూడుడు. రొట్టె, పండు, కస్టర్డు, మీగడ. ఇంక కొఱత యేమున్నది?

ఇప్పుడు గ్రుడ్డు మాట. 1837లో బర్మింగ్‌హామ్ నగరమున ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అను ఔషధవర్తకు డుండెను. అతని భార్యకు గ్రుడ్డు పడదు. ఆ దినములలో గ్రుడ్డు లేనిదే కస్టర్డు లేదు. పాలను మొక్కజొన్నపిండితో చిక్కబఱచు పొడి నొకదానిని అతడు ఆమెకొఱకు కూర్చెను. రొట్టెను పొంగించు ఈస్టు గూడ ఆమెకు పడనందున 1843లో ఈస్టు అక్కఱలేని బేకింగ్ పౌడరును చేసెను. నేడు మన బజారులలో దొరకు కస్టర్డు పొడి ఆ వంశమునకు చెందినదే: మొక్కజొన్నపిండి, రంగు, పరిమళము, అంతే. మనవారు నలభీమపాకమని పురుషుల వంటను ఊరక పొగడలేదు. బాహుకుడు వండినదానిని రుచి చూచి దమయంతి అతడు నలుడేయని గుర్తించినది. ఈ వర్తకుని యిల్లాలు ఆ కస్టర్డు రుచి చూచి, భర్త తన్ను మఱచిపోలేదని గుర్తించియుండును. మేమీ కథ చెప్పగా మా యింటివారు, బడినుండి వచ్చి తామును కస్టర్డు కలిపెదమనిరి. రెండు పర్యాయములు కలిపిరి. ఉండలు కట్టలేదని యిచ్చట వ్రాయుట న్యాయము.

పొట్లముపై ఆకుపచ్చని చతురస్రములో ఆకుపచ్చని చుక్క యున్నదా యని చూచుట మఱువరాదు. కస్టర్డు పొడికి మాత్రమే కాదు, రొట్టెకు, రస్కునకు, కేకునకు, జెల్లీకి, అన్నిటికిని చూడవలెను. బేకరీలో విడిగా అమ్ము కేకునకు పొట్లముండదు, అడిగి తెలిసికొనవలెను. గ్రుడ్డు నియమముచే తినని వారికే కాక, తిన్నచో దద్దుర్లు లేచి ఊపిరాడని పిల్లలకు గూడ ఇది ప్రాణముతో కూడిన సంగతి.

జెల్లీ విషయమై మాకు మనసు నొచ్చిన సందర్భ మొకటి కలదు. ఒక వివాహవిందులో మా బంధువులలో పెద్దావిడ యొకామె, జీవితములో మాంసము గ్రుడ్డు ఎఱుగనిది, ఎఱ్ఱని జెల్లీ వేసిన గాజుగిన్నెను చేతబట్టుకొని, “నాయనా, ఇందులో ఏమేమి కలుపుదురు?” అని వడ్డించు కుఱ్ఱవానిని రెండుమార్లు అడిగెను. “అన్నీ పండ్లేనమ్మా” అని అతడు సాగిపోయెను. అతనికిని తెలియదు. భోజనములైన పిదప మేము లోనికి పోయి ఖాళీ పొట్లమును చూచితిమి, అది జెలటిన్. పశువుల చర్మమునుండియు ఎముకలనుండియు తీయు పదార్థము. ఆమెకు చెప్పవలెనా వలదా యని యా రాత్రి యంతయు మాలో మేము తర్కించుకొంటిమి. చెప్పలేదు. ఆమె అడిగినది పెద్ద ప్రశ్న కాదు. సమాధానము తెలిసినవా రొకరు ఆ పంక్తిలో నుండవలసినది.

ఇంట చేయువారికి ఈ చిక్కు లేదు. చైనాగ్రాస్ అను పేర తెల్లని పోగులుగా అమ్మునది సముద్రపు నాచునుండి తీసినది. నాచారమున కాపురముండి నాచుకొఱకు వెదకనేల యని మా ఆడపడుచు పరిహాసమాడును. జెలటిన్ నోటి వేడికే కరగును, మన వేసవిలో బల్లమీదనే నీరగును. చైనాగ్రాస్ చల్లాఱుచు నించుమించు 40 డిగ్రీలలోపుననే గట్టిపడి, మరల 85 డిగ్రీల వఱకు కరగదు. మన యెండలకు ఇదియే తగినది. 5 గ్రాముల పోగులను పావుగంట నానబెట్టి, 200 మిల్లీలీటర్ల నీటిలో పోగు కనబడనంతవఱకు మరిగించి, గోరువెచ్చని పండ్లరసము 300 మిల్లీలీటర్లు కలుపవలెను. రసమును చల్లగా పోసిన వెంటనే త్రెళ్లు త్రెళ్లుగా పేరుకొనును. పుల్లని రసములోనే చైనాగ్రాసును ఉడికించిన దాని పట్టు సడలును.

పండ్లకు 2021 వఱకు మాకు కొత్తపేటయందలి గడ్డిఅన్నారము మార్కెట్టు దగ్గఱగా నుండెడిది. ఆ సంవత్సరము దానిని విజయవాడ మార్గమునందలి బాటసింగారమునకు తరలించిరి. అప్పటినుండి ఉప్పల్ రింగురోడ్డు మెట్రో స్తంభముల క్రింది తోపుడుబండ్లే మాకాధారము. హైదరాబాదు శివారులు ఒకప్పుడు అనాబెషాహి ద్రాక్షతోటలకు పేరుగాంచినవి. ఆ తోటలలో పలుచోట్ల నిప్పుడు ఇండ్లు లేచినవి. మామిడిని కార్బైడుతో మ్రగ్గబెట్టుట చట్టముచే నిషిద్ధము, ఇథిలీన్ వాయువునకు మాత్రము అనుమతి కలదు. కార్బైడులో పాషాణపు జాడ లుండుటయే కారణము. పండు ఏ బండిదైనను బాగుగా కడిగి, తొక్క తీసి వాడుడు.

ఏ పండు పనికివచ్చును? అరటి, మామిడి, ద్రాక్ష, దానిమ్మ, సపోట, ఆపిల్ నిస్సందేహముగా వేయవచ్చును. పుచ్చకాయ, ఖర్బూజ నీరూరి గిన్నె నంతయు చెఱచును. అనాసను పచ్చిగా వేయరాదు. దానిలో మాంసకృత్తులను ఛేదించు గుణము కలదు. పాలతో చేరినచో గంటలోపల చేదెక్కును, జెలటిన్ జెల్లీ యైనచో పేరుకొననే పేరుకొనదు. చిన్నముక్కలుగా తరిగి కొంచెము చక్కెరతో పదినిమిషము లుడికించిన ఆ గుణము నశించును. బొప్పాయికిని కీవీ పండునకును ఇదే స్వభావము కావున వానిని మాను టుత్తమము.

ఎనిమిదిమందికి కావలసినవి: పాలు 750 మిల్లీలీటర్లు, కస్టర్డు పొడి ఐదు పెద్ద చెంచాలు తలగొట్టి, చక్కెర 80 గ్రాములు, రొట్టెముక్కలు ఆఱు లేక రస్కులు ఎనిమిది, రెండు బత్తాయిల రసము, తరిగిన పండ్లముక్కలు మూడు గిన్నెలు, పైపొరకు మీగడ.

చల్లని పాలు ఒక చిన్న గిన్నెడు వేఱుగా తీసి అందులో పొడిని ఉండలేకుండ కలుపుడు. పొడిని వేడిపాలలో నేరుగా వేసినచో ప్రతి రేణువు గుంపు పైభాగము తక్షణ ముడికి, లోపల పొడి పొడిగానే నిలుచును. ఉండ యనగా నదియే. మిగిలిన పాలు చక్కెరతో కాగిన పిదప మంట తగ్గించి, కలిపిన దానిని సన్నని ధారగా పోయుచు గరిటె ఆపక త్రిప్పవలెను. చిక్కబడెను గదా యని వెంటనే దింపరాదు. బుడగలు వచ్చిన పిమ్మట రెండు నిమిషము లుంచినగాని పచ్చిపిండి వాసన పోదు. దింపి, గిన్నెను చన్నీటి పళ్లెములో నుంచి, మీగడతెట్టు కట్టకుండ నడుమనడుమ కలుపుచుండుడు. పూర్తిగా చల్లాఱినగాని పండ్లపై పోయకుడు. వేడి కస్టర్డునకు పండ్లు నీరూరును, పులుపు తగిలిన పాలు విఱుగును.

రొట్టె అంచులు తీసి, పెనముమీద నేతిచుక్కతో ఇరుప్రక్కల కాల్చి, గిన్నె అడుగున పఱచి, బత్తాయిరసము చిలుకరించుడు. తడియవలెను కాని తేలరాదు. దానిపై పండ్లు, అంచున గాజునకు ఆనించి రంగు కనబడునట్లు. పండ్లపై కస్టర్డు. మరల నొక వరుస రొట్టె, పండ్లు, కస్టర్డు. జెల్లీ వేయువారు పళ్లెములో పేరుకొన్న పిదప ముక్కలు కోసి పండ్లతో పాటు వేయుడు. రెండుగంటలు ఫ్రిజ్‌లో ఉంచి, వడ్డించుటకు ముందు మీగడ చిలికి పైని పూయుడు. మీగడ లేనినాడు పెరుగును పలుచని గుడ్డలో మూడుగంటలు వ్రేలాడగట్టి, ఏలకుల పొడి చేర్చి గిలకొట్టినచో మీగడకు తీసిపోదు; వెలయు తక్కువ, కొవ్వును తక్కువ. గాజుగిన్నె లేనివారు స్టీలు గ్లాసులలో చేయుడు. పొరలు కంటికి కనబడకున్నను చెంచాకు తగులును.

చక్కెర మాట మిగిలినది. మాకు సమీపముననే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు వచ్చినది. చక్కెరను మితముగా వాడుమని ఆ సంస్థవా రెన్నడును చెప్పుచునే యున్నారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో చేసిన సూచన ననుసరించి, పెద్దవారు దినమునకు సుమారు 25 గ్రాములలోపున నుండుట మేలు. పిండిన రసములోని తీపిని గూడ వారు ఈ లెక్కలోనే చేర్చుదురు. కొఱికి తిన్న పండులోనిదానిని చేర్చరు. పై కొలత ప్రకారము కస్టర్డువలన తలకు 10 గ్రాములు వచ్చును. హాలులలో చేయునది దీనికి రెట్టింపు తీపిగా నుండునని మా నాలుక చెప్పుచున్నది.

చక్కెరవ్యాధి గలవారికి ఒక గ్లాసు వేఱుగా కూర్చుడు. రొట్టె, రసము, కస్టర్డు మూడును మాని, వడకట్టిన పెరుగు ఒక పొర, జామముక్కలు ఒక పొర, నానబెట్టిన బాదము ఒక పొర, మరల పెరుగు, పైని కొన్ని దానిమ్మగింజలు. పరిమాణము వైద్యుడు చెప్పినంతయే. గ్లాసు మాత్రము తక్కినవారి గ్లాసువంటిదే యుండవలెను. వేఱు గిన్నెలో వేసి “ఇది మీకు ప్రత్యేకము” అని పెద్దవారికి పదిమందిలో ఇచ్చుట మాకు సరిపడదు.

పాలవస్తువు కావున రెండుగంటలకు మించి బయట నుంచరాదు. మే నెలలో ఒక గంటయే. ఫ్రిజ్‌లో మఱునాటి రాత్రివఱకు నిలుచును. నాచారము పారిశ్రామికవాడలో రెండవ షిఫ్టు చేసి ప్రొద్దుపోయి వచ్చువారు ఇంటిలో నున్నచో, వారి భాగమును పంచుటకు ముందే తీసి మూతపెట్టి యుంచుడు. దానిలో అరటిపండు వేయకుడు, నల్లబడును. ద్రాక్షయు దానిమ్మయు వేయుడు. పైని మీగడను వారు వచ్చి కాళ్లు కడుగుకొన్న తరువాత పూయవచ్చును.