ఆకు కాదు, చేనంతా చూపండి

2022లో గూగుల్ కంపెనీ హైదరాబాద్ వీధులను చుట్టూరా తీసిన ఫొటోలతో, ఇంట్లో కూర్చునే తిరిగి చూసేలా పెట్టింది. మన నారాయణఖేడ్ కంది చేలల్లోకి ఆ కెమెరా బండి దిగదు. దిగకున్నా ఏం లేదు, మీ జేబులో ఫోన్ చాలు.

ఒక్క ఆకు తెంపుకుని దుకాణానికి పోతే మందు డబ్బా అంటగడతారు. అలా కాక చేను నడుమ నిలబడి, ఫోన్‌లో పనోరమా నొక్కి, నిదానంగా చుట్టూ తిరగండి. పల్లంలోనే పసుపెక్కితే నీరు నిలిచిందేమో, అక్కడక్కడ మొక్కలు వాడితే ఎండు తెగులేమో. రెండు మూడు చోట్ల తీసి ఏఈవోకు పంపితే, చేనంతా తిరిగినట్టే. కాలువ తీస్తే పోయేదానికి మందెందుకు?

ఒక్కటి. ఈ ఫొటోలో తిన్నని గట్టు కూడా వంకరగా పడుతుంది. హద్దు తగాదాకు దీన్ని పట్టుకుపోకండి.