మాదీ జీరో టికెట్టే

2025 ఉగాది నాడు మా ఇంటికి కరెంటు కారు వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, అత్తయ్యగారి చేత హారతి ఇప్పించి లోపలికి వచ్చేసరికి బావగారు, అక్కయ్య, ఇంకో నలుగురు చుట్టాలు హాల్లో ఉన్నారు. పండగ, ఆదివారం, కొత్త కారు. ఇంక కబుర్లకి లోటేముంది!

మాటలు కారు నుంచి పెట్రోలు ధరకీ, పెట్రోలు నుంచి ప్రభుత్వానికీ, అక్కణ్ణుంచి ఎప్పుడూ చేరే చోటికీ చేరాయి. "ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు పెట్టి ఖజానా ముంచేశారు. ఊరికే వస్తుంటే ఎవరు తిరగరు?" అన్నారు బావగారు. మావారు తలాడించారు. అక్కయ్య కూడా తలాడించింది. తను కిందటి నెలే స్నేహితురాళ్ళతో ఆర్టీసీ బస్సులో యాదగిరిగుట్ట వెళ్ళొచ్చింది, పైసా పెట్టకుండా. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని తనకీ తెలుసు. పండగపూట ఎందుకులే అని ఊరుకున్నాను.

కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్తే, మా ఇంట్లో పనిచేసే ఆవిడ సింకు దగ్గర అంట్లు తోముతోంది. పండగపూట కూడా రెండు బస్సులు మారి వచ్చింది. హాల్లో మాటలన్నీ వినిపించే ఉంటాయి. ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "అమ్మా, కరెంటు బండికి టాక్స్ ఎంత కట్టిర్రు?" అంది. వాళ్ళబ్బాయి కరెంటు స్కూటర్ కొనాలనుకుంటున్నాడట, అందుకని. "ఏమీ లేదమ్మా, సున్నా" అన్నాను. ఆవిడ చేతిలో గిన్నె పట్టుకునే నవ్వింది. "గట్లయితే మీది గూడ జీరో టికెటే గదమ్మా!"

ఆ మాట అప్పట్నుంచీ నన్ను వదలడం లేదు.

మా కారు ఎక్స్ షోరూమ్ ధర పదిహేను లక్షలు. అదే ధరకి పెట్రోలు కారు కొని ఉంటే, అప్పటి రేట్ల ప్రకారం తెలంగాణలో పది నుంచి ఇరవై లక్షల కారుకి లైఫ్ టాక్స్ 17 శాతం. అంటే 2,55,000 రూపాయలు. మేము కట్టింది సున్నా. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా రిజిస్టరయ్యే కరెంటు బళ్ళకి రోడ్డు టాక్సూ, రిజిస్ట్రేషన్ ఫీజూ రెండూ మాఫీ అని జీవో ఇచ్చారు. 2020 నాటి పాలసీలో మొదటి రెండు లక్షల టూ వీలర్లకీ, మొదటి అయిదు వేల కార్లకీ అని ఒక లెక్కైనా ఉండేది. ఇప్పుడు ఆ లెక్కా తీసేశారు.

ఇప్పుడు ఆవిడ లెక్క చూద్దాం. జీరో టికెట్ లేకపోతే బస్సుకి నెలకి పదిహేను వందలవుతాయి అనుకుందాం. ఏడాదికి పద్ధెనిమిది వేలు. మాకు ఒక్క పూటలో ప్రభుత్వం వదిలేసిన డబ్బు ఆవిడ పద్నాలుగేళ్ళ బస్సు ఖర్చు! ఆవిడకి ఇచ్చేదాన్ని "ఉచితం" అంటారు, మాకు ఇచ్చినదాన్ని "ప్రోత్సాహకం" అంటారు. ఆవిడ రోజూ కండక్టర్ ముందు ఆధార్ కార్డు చూపించి టికెట్టు తీసుకోవాలి. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. పైగా షోరూములో శాలువా కప్పి ఫోటో తీశారు.

మావారు దీనికి ఒప్పుకోరు. "ఇది పర్యావరణం కోసం, దానికీ దీనికీ పోలికేంటి?" అంటారు. సరే, పర్యావరణమే మాట్లాడుకుందాం. కరెంటు బళ్ళు రావాలనే నేనూ అంటాను. పొగ రాదు, చప్పుడు లేదు, కిలోమీటరుకి అయ్యే ఖర్చు చూస్తే పెట్రోలు బంకు వైపు వెళ్ళబుద్ధి కాదు. కానీ మా పాత పెట్రోలు కారు ఏమైంది? అమ్మలేదు. కింద పార్కింగులోనే ఉంది. కూరగాయలకీ, పాప ట్యూషనుకీ నేను తీసుకెళ్తున్నాను. ఇంతకుముందు ఆ పనులకి నడిచో, ఆటోలోనో వెళ్ళేదాన్ని. ఒక కారున్న ఇంట్లో రెండు కార్లయ్యాయి, రెండోదానికి సర్కారు రెండున్నర లక్షలు వదులుకుంది. నిండా జనంతో వెళ్ళే బస్సులో నిలబడి వచ్చే మనిషి వల్ల గాలికి ఎంత మేలో, మా వల్ల ఎంత మేలో మీరే చెప్పండి.

అసలు నా బాధ మాఫీ ఇచ్చినందుకు కాదు. ఇచ్చిన తీరుకి. శాతాల్లో మాఫీ చేస్తే ఎవరు ఎక్కువ ఖరీదుది కొంటే వాళ్ళకి ఎక్కువ మిగులుతుంది. అప్పటి రేట్లతోనే చూడండి. లక్ష రూపాయల స్కూటర్‌కి 12 శాతం, అంటే పన్నెండు వేలు. అరవై లక్షల కారుకి 18 శాతం, అంటే పది లక్షల ఎనభై వేలు. అరవై లక్షలు పెట్టి కారు కొనేవాళ్ళు ఈ మాఫీ లేకపోతే మానుకుని బస్సెక్కేవారా? కర్ణాటకలో 2024లోనే, పాతిక లక్షలు దాటిన కరెంటు కార్లకి పది శాతం టాక్స్ పెట్టారు. మనకేం అడ్డం?

కేంద్రం సంగతి కొంచెం వేరు, అదీ చెప్పాలి. ఫేమ్ రెండో విడతలో సొంతానికి కొనుక్కునే కార్లకి సబ్సిడీ ఇవ్వలేదు, టూ వీలర్లకి ఇచ్చారు. 2021 జూన్‌లో బ్యాటరీ కిలోవాట్ అవర్‌కి పదిహేను వేలు ఉండేది. 2023 జూన్‌లో పది వేలు చేశారు. 2024 అక్టోబరులో పీఎం ఈ-డ్రైవ్ వచ్చాక అయిదు వేలు, మర్నాటి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర వేలు, బండికి మొత్తం అయిదు వేలు మించకుండా. చిన్న బండి మీద ఇచ్చేది ఇలా మెట్లు దిగుతూ వచ్చింది. జీఎస్టీ మాత్రం అరవై లక్షల కరెంటు కారుకీ 5 శాతమే. గ్యాసు సిలిండర్లు వేసే కుర్రాడు కొనుక్కునే పెట్రోలు స్కూటర్‌కి 2025 సెప్టెంబరులో తగ్గించాక కూడా 18 శాతం.

"కరెంటుదే కొనుక్కోవచ్చుగా" అంటారేమో. మా ఆవిడ కొడుకుది అదే కథ. వాళ్ళుండేది రెండో అంతస్తులో ఒక గది. బండి ఛార్జింగుకి ఓనరు ఒప్పుకోలేదు. పన్నెండు వేల మాఫీ చూపించి ఏ ప్లగ్గులో పెట్టమంటాం? ఇప్పటికి ఆ అబ్బాయి సెకండ్ హ్యాండ్ పెట్రోలు బండే కొన్నాడు.

మా మరిది డాలస్‌లో ఉంటాడు. ఇదంతా చెప్తే నవ్వి అక్కడి సంగతి చెప్పాడు. 2022 చట్టం ప్రకారం అమెరికాలో కొత్త కరెంటు కారుకి 7,500 డాలర్ల దాకా టాక్స్ క్రెడిట్ ఉండేది. భార్యాభర్తల ఆదాయం మూడు లక్షల డాలర్లు దాటితే ఇచ్చేవారు కాదు, కారు ధరకీ పరిమితి ఉండేది. బాగుంది కదా? కానీ కొనకుండా లీజుకి తీసుకుంటే, కారు లీజు కంపెనీది కాబట్టి వ్యాపార వాహనం కింద లెక్క. ఆ పరిమితులేవీ వర్తించవు. క్రెడిట్ కంపెనీ తీసుకుని నెలవారీ లీజులో తగ్గించేది. డబ్బున్నవాళ్ళంతా ఆ దొడ్డిదారినే వెళ్ళారట. 2025 సెప్టెంబరు 30తో అందరికీ ఆపేశారు. కాబట్టి మన దగ్గర ధరకి పరిమితి పెట్టేటప్పుడు లీజుకి తీసుకునే కార్లనీ, కంపెనీ పేరు మీద కొనే కార్లనీ కలిపే పెట్టాలి.

ఆ పరిమితి మా పదిహేను లక్షల కారుకి పైన పెట్టమని నేను అడగను. పది లక్షల దగ్గర పెట్టండి. మేము కట్టగలం. కట్టేవాళ్ళం కూడా, కాస్త సణుక్కుని. ఆ డబ్బుతో ఇంకో నాలుగు కరెంటు బస్సులు తిప్పండి. ఆటోవాళ్ళకి ఇవ్వండి. అద్దె గదుల్లో ఉండేవాళ్ళకి ప్రతి గల్లీలో నాలుగు ఛార్జింగ్ ప్లగ్గులు పెట్టించండి.

ఇది రాసి మావారికి చదివి వినిపించాను. చివరిదాకా విని, "మన ఇంటి రసీదు బజార్లో పెట్టడం ఎందుకు?" అన్నారు. కాసేపాగి, "అన్నయ్య చూస్తే బావుండదు" అన్నారు.

బావగారికి లింకు నేనే పంపిస్తానని చెప్పాను.