ఇంటి లెక్క: గ్రాఫిక్స్ కార్డు కావాలంటున్న పిల్లాడు



ఎండాకాలం వచ్చిందంటే బహ్రెయిన్‌లో మన పిల్లలకు ఆటస్థలం కంప్యూటరే. నడి ఎండలో కూలీల చేత బయట పని చేయించకూడదని ప్రభుత్వమే నియమం పెట్టిన చోట, పిల్లాణ్ణి గ్రౌండుకి పొమ్మని ఎలా అంటాం? పైగా ఆ ఆటలోనే వాడికి కాకినాడలో ఉన్న పెద్దమ్మ కొడుకూ, నాన్న కాంట్రాక్టు అయిపోయి హైదరాబాద్ వెళ్ళిపోయిన పక్క ఫ్లాటు స్నేహితుడూ దొరుకుతారు. అందుకే "అమ్మా, పీసీ లాగుతోంది, కొత్త గ్రాఫిక్స్ కార్డు కావాలి" అంటే అది ఉత్త మారాం కాదు. అలాగని ఇంటికి పంపే డబ్బులోంచి వంద దినార్లు తీయడమూ చిన్న మాట కాదు. ఊళ్ళో ఉండి చదువుతున్న అత్తయ్యలకు చెప్పాలంటే, వంద దినార్లంటే దాదాపు 265 డాలర్లు.

కొనాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ "నాకేం తెలుసు, వాళ్ళ నాన్నా వాడూ చూసుకుంటారు" అని మాత్రం పక్కకి తప్పుకోకండి. కూరగాయలు ఏరి కొనేవాళ్ళకి ఇది పెద్ద విద్యేమీ కాదు.

ముందు జబ్బేమిటో చూడండి

తెరమీద బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఆ ఆట లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్. పీసీ నెమ్మదిగా ఉంటే తప్పు ఎవరిదైనా కావచ్చు. పిల్లాణ్ణి ఆట ఆడమని, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కమనండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్‌ఫార్మెన్స్ అన్నచోట జీపీయూ 95, 100 శాతం దగ్గర ఆడుతుంటే కార్డుకే శక్తి చాలడం లేదు. జీపీయూ 50, 60 దగ్గరే ఉండి ఆట మాత్రం ఆగి ఆగి వస్తోందంటే, జబ్బు ప్రాసెసర్‌దో ర్యామ్‌దో అయివుంటుంది. అప్పుడు ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఉపయోగం ఉండదు. 8 జీబీ ర్యామ్ నిండిపోయి ఉందా, పాత హార్డ్ డిస్క్ ఇంకా తిరుగుతోందా అనేవి కూడా చూడండి. ఇంకో పరీక్ష: ఆటలో రిజల్యూషన్ తగ్గించమనండి. వేగం పెరిగితే లోపం కార్డుది, పెరగకపోతే కాదు.

దుమ్ము దులిపారా?

మన దగ్గర గాలిలోనే ఇసుక. రెండేళ్ళు తెరవని పెట్టెలో ఫ్యాన్ల నిండా దుమ్ము పేరుకుంటుంది. కార్డు వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పిల్లలు దాన్నే "పాతదైపోయింది" అనుకుంటారు. ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకుని, గాలి డబ్బాతో ఊదండి. పెట్టెని కార్పెట్ మీంచి తీసి బల్ల మీద పెట్టండి. కార్డు చాలా పాతదైతే దుకాణంలో థర్మల్ పేస్ట్ మార్పించండి. కొంతమందికి ఖర్చు ఇక్కడితోనే ఆగిపోతుంది.

పెట్టె ఎంత మోయగలదు?

కార్డు కొనే ముందు మూడు చూసుకోవాలి. మొదటిది పవర్ సప్లై. దాని పక్కనున్న స్టిక్కర్ మీద ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకి అందేది 75 వాట్లే. అంతకన్నా ఎక్కువ కావాలంటే 6 పిన్నుల వైరు ఇంకో 75, 8 పిన్నుల వైరు 150 ఇస్తాయి. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన కంప్యూటర్లలో తరచుగా ఆ వైర్లే ఉండవు. అలాంటి వాటికి జీటీఎక్స్ 1650 కొన్ని మోడళ్ళు, ఆర్‌టీఎక్స్ 3050 లో 6 జీబీది సరిపోతాయి; వీటికి విడిగా వైరు అక్కర్లేదు. రెండోది చోటు. టేపు పెట్టి కొలవండి. సన్న పెట్టె అయితే లో ప్రొఫైల్ కార్డే పడుతుంది. మూడోది మానిటర్. పాత మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే కొత్త కార్డు వైరు దానికి తగలదు. సెకనుకి 60 బొమ్మలే చూపించే మానిటర్ ముందు 150 ఇచ్చే కార్డు పెట్టడం డబ్బు దండగ.

ఎంతకి, ఎక్కడ?

పిల్లలు అమెరికా వీడియోల్లో ధర చూసి చెప్తారు. ఆర్‌టీఎక్స్ 5050 ని 2025లో 249 డాలర్లకి విడుదల చేశారు. 0.376 తో గుణిస్తే సుమారు 94 దినార్లు. దానిమీద మన 10 శాతం వ్యాట్ కలిపితే 103. దుకాణంవాడి లాభం, రవాణా వేరే. 2025 చివరినుంచి మెమరీ చిప్పుల ధరలు పెరిగాయి కాబట్టి పోయినేటి ధరలు పట్టుకుని వెళ్ళకండి. ఎగ్జిబిషన్ రోడ్డు వైపు రెండు మూడు దుకాణాల్లో "వ్యాట్‌తో కలిపి ఎంత?" అని అడిగాకే మాట్లాడండి.

ఊరినుంచి ఎవరైనా వస్తుంటే తెప్పిద్దామనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి: అక్కడ జీఎస్టీ 18 శాతం. పాడైతే వారంటీ కోసం మళ్ళీ అక్కడికే పంపాల్సి రావచ్చు.

వాడిన కార్డు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. గల్ఫ్‌లో ఎప్పుడూ ఎవరో ఒకరు సామాను అమ్ముకుని ఇంటికి వెళ్తూనే ఉంటారు కదా. కాకపోతే కళ్ళు తెరుచుకుని కొనాలి. జీటీఎక్స్ 1050, 1060, 1080 లాంటివి చవగ్గా దొరుకుతాయి. 2016లో మొదలైన ఆ వరసకి కొత్త ఆటలకోసం ఇచ్చే డ్రైవర్లను ఎన్‌విడియా 2025 అక్టోబర్‌తో ఆపేసింది. భద్రత అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తానంది. పాత ఆటలకి పనికొస్తాయి, కొత్తవాటికి నమ్ముకోవద్దు. డబ్బు ఇచ్చే ముందు అమ్మేవాళ్ళ పీసీలోనే అరగంట ఆట ఆడించి చూడండి. ఫ్యాన్ గరగరలాడుతోందా, తెరమీద గీతలు వస్తున్నాయా చూడాలి. బిల్లు ఉందేమో అడగండి. పగటిపూట, ఇంట్లో ఒకరిని తోడు తీసుకునే వెళ్ళండి.

మనం ఇక్కడ ఎన్నాళ్ళు?

అసలు లెక్క ఇదే. వీసా ఎప్పుడు ఆగినా సర్దుకోవాల్సినవాళ్ళం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మీ పీసీకి విండోస్ 11 ఎక్కకపోతే అది ఎలాగూ కొన్నాళ్ళ చుట్టమే. అప్పుడు మొత్తం పీసీ కొత్తది కొనే బదులు మంచి కార్డు కొనడంలో ఒక సుఖముంది. రేపు ఊరెళ్ళినా దాన్ని బట్టల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టుకోవచ్చు, అక్కడ ఇంకో పెట్టెలో బిగించుకోవచ్చు. మొత్తం టవర్ అయితే వచ్చిన ధరకి ఇక్కడే వదిలేసి పోవాలి.

కాబట్టి వచ్చే శుక్రవారం పిల్లాడితోనో పిల్లతోనో (అమ్మాయిలూ తెగ ఆడుతున్నారు!) కూర్చుని ఒక కాగితం మీద రాయించండి: పాత కార్డు పేరు, జీపీయూ ఎంత శాతం, పవర్ సప్లై ఎన్ని వాట్లు, పెట్టెలో చోటెంత, వ్యాట్‌తో ధర ఎంత, పాత కార్డు అమ్మితే ఎంత వస్తుంది. ఆ కాగితం వాడే నింపి తెస్తే సగం డబ్బు మీది, మిగతాది వాడి పుట్టినరోజు డబ్బుల్లోంచి. ఇచ్చేది కాదంటే కూడా ఆ కాగితం చూపించే కాదనండి. పిల్లలు "వద్దు" అన్న మాటని భరిస్తారు గానీ, అడిగింది ఏమిటో వినకుండా వద్దంటేనే బాధపడతారు.

వచ్చే నెల ఇంటి లెక్కలో ఏసీ కరెంటు బిల్లు గురించి. మీ ప్రశ్నలు గ్రూపులో పెట్టండి. ఉంటాను మరి!