అటికమామిడి: కలుపా? కలిమియా?

మృగశిర కార్తె ప్రవేశించి రెండు మంచి వానలు కురిసినంతనే మన చెల్క గట్లమీదను, బాటల ప్రక్కలను, పాడుపడిన దొడ్లలోను ఎఱ్ఱని కాడలతో నేలనంటి ప్రాకుచు ఒక మొక్క తలయెత్తును. దానిని నాటినవారు లేరు, దానికి నీరు పెట్టినవారును లేరు. దానినే అటికమామిడి యందురు. సంస్కృతమున దానికి పునర్నవ యని పేరు. దానిని చూచినతోడనే కొడవలికో కలుపుమందు సీసాకో చేయి చాచుట నేటి రైతులకు వాడుకయైనది. ఈ వాడుక సరియైనదేనా యని మన సంఘసభ్యులు ఒక్కమారు విచారింపవలసిన కాలము వచ్చినదని మా యభిప్రాయము.

మొదట మొక్కను గుర్తెఱుగుట ముఖ్యము. ఇది చంద్రకాంత, కాగితపుపూవు చేరిన కుటుంబములోనిది. శాస్త్రజ్ఞులు దీనిని బోయర్హావియా డిఫ్యూసా యందురు. లిన్నేయసు 1753లో ప్రకటించిన గ్రంథమున ఈ పేరు కలదు. హాలండు దేశమున లైడెను నగరమందు ప్రసిద్ధి గాంచిన బోయర్హావే యను వైద్యుని పేరే ఈ జాతికి పెట్టబడినది. కాడలు కణుపులయొద్ద ఉబ్బియుండును. ఆకులు ఎదురెదురుగా జంటలై పుట్టును గాని జంటలో ఒకటి పెద్దది, రెండవది చిన్నది. ఆకు అడుగుభాగము తెల్లవాఱియుండును. సన్నని కొమ్మల చివర మిక్కిలి చిన్నవైన గులాబివన్నె పూలు గుత్తులుగా పూయును. కాయ ఐదు గీతలు కలిగి, జిగురుతో ఉండును. చేనిలో నడచి వచ్చినపుడు పంచె అంచునకును, గొఱ్ఱె ఉన్నికిని అంటుకొని వచ్చునవి ఈ కాయలే. ఈ విధముగా మనచేతను, మన పశువులచేతను మొక్క తన విత్తనమును ఊరూర చల్లించుకొనుచున్నది.

దీని బలమంతయు వేరులోనున్నది. వ్రేలి లావున లోతుగా దిగిన ఆ వేరు మెట్టనేలలో తేమను వెదకి పట్టుకొనును. ఎండకాలమున పైకాడలు మాడి మొక్క చచ్చినట్లే కనబడును. తొలకరి పడగానే వేరుతల నుండి క్రొత్త మోసులు వచ్చును. పునర్నవ యనగా మరల క్రొత్తదగునది. ఆ పేరు పెట్టిన పూర్వులు మొక్కను ఎంత శ్రద్ధతో చూచిరో దీనివలన తెలియుచున్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసియున్నది. గలిజేరు అను పేరును కొన్నియూళ్ళలో దీనికిని, కొన్నియూళ్ళలో వేఱొక మొక్కకును వాడుచున్నారు. ఆ రెండవది ట్రయాంథిమా యను ఏకవార్షికము. వానకు మొలచి, త్వరలోనే కాచి చచ్చును. దాని ఆకులును చిన్న పెద్ద జంటలే యగుటచేత పొరపాటు సులభము. అయితే దాని ఆకు దళసరియై కండ కలిగియుండును. పూవు కొమ్మచివర గుత్తిగాక ఆకు మొదటనే యొదిగి ఒంటిగా నుండును. కాయ మూతవలె ఊడి నల్లని గింజలు రాలును. పారుదల పైరులలో మనలను నిజముగా బాధించు కలుపు అదియే. ఒకటి చేసిన నేరమునకు రెండవదానిని శిక్షించుచున్నాము.

ఇక ఉపయోగములు. లేత ఆకును పప్పులో వేసి వండుటయు, వేపుడు చేయుటయు మన యిండ్లలో పెద్దలెఱిగినవే. మేకలు, గొఱ్ఱెలు దీనిని మేయును. చరకసంహితలో వయఃస్థాపనమను ఓషధుల గణమందు పునర్నవ చేర్పబడినది. పాండురోగమునకు చెప్పిన పునర్నవామండూరము నేటికిని వైద్యులు వాడునదే. వేరు మూత్రమును జారీచేసి శరీరపు వాపును తగ్గించునని ఆయుర్వేదము చెప్పుచున్నది. ఆధునిక రసాయన పరిశోధకులు వేరులో పునర్నవీను, బోయరవినోనులు మొదలగు పదార్థములను గుర్తించిరి. అయినను కాళ్ళవాపు కనబడగానే వేరు కషాయము కాచుకొని ఊరకుండుట ప్రమాదకరము. ఆ వాపు గుండెవలననో, మూత్రపిండములవలననో, కాలేయమువలననో కలిగియుండవచ్చును. ముందు వైద్యునికి చూపవలెను. గర్భిణులును, ఇతర మందులు పుచ్చుకొనువారును స్వంతముగా దీనిని వాడరాదు. కూరగా తినుట వేఱు, మందుగా తాగుట వేఱు.

ఇంతటి మొక్క పెరుగు తావులేవి? దున్నని గట్లు, బీళ్ళు, కంచలు. కంచ యనగా పశువుల మేతకై విడిచిన నేల. హైదరాబాదు పడమటి దిక్కున రాతిగుట్టల నడుమ ఇట్టి కంచలు పూర్వము అనేకముండెను. 1998 నవంబరు 22వ తేదీన మాదాపురమున సైబర్ టవర్సు భవనమును నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించిరి. అది మొదలు మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ గ్రామముల స్వరూపమే మాఱిపోయినది. వేలకొలది యువకులకు దొరికిన ఉద్యోగములను మేము తక్కువ చేయము. మన బిడ్డలును అందులో ఉన్నారు. కాని మేత నేల యనునది పట్టాదారు లేని నేల యగుటచేత, దాని పక్షమున మాటలాడువారు లేక అది మొట్టమొదట మాయమైనది.

ఇటీవలి నిదర్శనము కంచ గచ్చిబౌలి. పేరులోనే కంచ యున్నది. 1974లో నెలకొల్పబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు ప్రక్కనున్న సుమారు 400 ఎకరములలో 2025 మార్చి చివర యంత్రములతో చెట్లు కొట్టుట సాగగా, విద్యార్థులును పౌరులును అడ్డుపడిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీము కోర్టు ఆ పనులను నిలుపుమని ఉత్తరువు చేసెను. భూమి ఎవరిదను వివాదమున తీర్పు చెప్పుట మా పని కాదు. ఆ దినములలో జనులు నెమళ్ళను, జింకలను, చెట్లను తలచిరి; మంచిదే. నేలనంటిన గడ్డిని, ఆకుకూరను, మూలికను తలచినవారు మిక్కిలి తక్కువ. అవి రైతుకు తెలిసిన సంగతులు గనుక వానిని తలచుట రైతుల సంఘమునకే విధి.

చేవెళ్ళ, శంకరపల్లి, మొయినాబాదు వైపుల సభ్యులు కొందఱు మమ్ము ఇట్లడుగుదురు: “ఎకరము కోట్లు పలుకుచుండగా కలుపుమొక్క మాట యెందుకయ్యా?” కోట్లు పలుకునది పట్టా కలవానికి. కౌలుకు దున్నువానికిని, నాలుగు మేకలు కాచుకొను వితంతువునకును, కూలికి పోయి వచ్చుచు ఒడినిండ ఆకు కోసుకొనివచ్చు తల్లికిని ఆ ధరలో భాగము లేదు. గట్టుమీది ఆకు వారికి పైసా వ్యయము లేని కూర. మనము మందు కొట్టి ఆ గట్టును మాడ్చిన దినమున వారు ఆ కూరకే సంతలో రొక్కమీయవలసివచ్చును. అమ్ముకొన్నవాడు కూడ కొన్నియేండ్లకు ఆ సంతకే వచ్చుచున్నాడు.

వేరు అమ్మి డబ్బు చేయవచ్చునన్న ఆశ కూడ కొందఱికి కలిగినది. మా సంఘ సభ్యుడొకరు నిరుడు ఒక బస్తా వేరు త్రవ్వి ఎండబెట్టి పట్నమునకు తీసికొనిపోగా, అందులో గలిజేరు వేరు కలిసినదని చెప్పి వర్తకుడు సగము ధరయే ఇచ్చెను. వర్తకుని మాట నిజమో కాదో తేల్చుకొను దారి మన సభ్యునికి లేకపోయెను. తప్పు ఆయనది కాదు. ఒంటరిగా పోవుటయే తప్పు. సహకారమనునది పుట్టినది ఇట్టి సందర్భముల కొఱకే గదా!

కావున మా సూచనలివి. మందు కొట్టక తప్పని చోట పైరు సాళ్ళలోనే కొట్టవలెను, గట్లను విడువవలెను. ఆకు కోసిన మొక్క చావదు, వేరు త్రవ్వినచో చచ్చును. కనుక కంచలలోను, ఊరుమ్మడి నేలలోను ఆకు కోయుటయే గాని వేరు త్రవ్వుట కూడదని గ్రామసభలో తీర్మానింపవలెను. వేరు అమ్మదలచినవారు స్వంత గట్టుమీదనో, ఒక గుంట నేలలోనో విత్తనము చల్లి పెంచుకొని, కాయ పండి రాలిన తరువాతనే త్రవ్వవలెను. మూడింట ఒక వంతు మొక్కలను విత్తనమునకై విడువవలెను. పచ్చివేరు ఎండినపుడు తూకము చాల తగ్గును. ఆ సంగతి లెక్కించుకొని, కొనుగోలుదారునితో ధరను సంఘము పేర వ్రాతపూర్వకముగా నిశ్చయించుకొనిన పిమ్మటనే సాగునకు దిగవలెను. పరస్పర సహాయ సహకార సంఘముల 1995 చట్టము క్రింద ఇట్టి పనికి చిన్న సంఘము నేర్పరచుకొనుటకును వీలున్నది. పెద్దబాటల అంచునను, మురుగునీరు పాఱుచోటను, మందు కొట్టిన చేలలోను పెరిగిన ఆకును ఎవరును తినరాదు, అమ్మరాదు. నేలలోని విషమును మొక్క తనలోనికి తీసికొనును.

దీనితో ఎవరును ధనవంతులగుదురని మేము చెప్పము. అట్లు చెప్పువారిని నమ్మవలదని కూడ మనవి చేయుచున్నాము. మేము కోరునది స్వల్పము. వచ్చు తొలకరికి ప్రతి సభ్యుడును తన యింటి పెద్దమ్మను గట్టుమీదికి పిలుచుకొనిపోయి, తినదగిన ఆకులెన్ని యున్నవో చూపింపుమని యడుగవలెను. ఆమె చూపినవానిని పిల్లలచేత ఒక పుస్తకమున వ్రాయించి సంఘ కార్యాలయమున ఉంచవలెను. ఆమె యెఱిగినది ఏ బడిలోను బోధింపబడుట లేదు. ఎండకు మాడిన అటికమామిడి వానకు మరల చిగిర్చును గాని, పెద్దలతో పోయిన తెలివి ఏ వానకును మరల మొలవదు. అది మనచేతిలో నున్నపుడే కాపాడుకొందురని సభ్యులను నమ్ముచున్నాము.