ముక్కునీరెల్ల జలుబు కాదు

తలకు దెబ్బ తగిలిన పిదప, వంగినప్పుడెల్ల ఒక ముక్కురంధ్రమునుండి తేటనీరు కారినచో, మన యిండ్లలో శొంఠికషాయ మిచ్చి ఊరకుందురు. ఈ ఊరట ప్రమాదకరము. అది మెదడును, వెన్నుపామును చుట్టియుండు మస్తిష్కమేరు ద్రవము కావచ్చును. పెద్దవారిలో అది సుమారు 150 మిల్లీలీటర్లు. దినమునకు 500 మిల్లీలీటర్ల వరకు క్రొత్తగా ఊరును. కావున నష్టము నీటిది కాదు. నీరు వెలువడు దారినే సూక్ష్మజీవులు లోనికేగి మెదడుపొరలకు వాపు కలిగింపగలవు.

ఆ దారిని వెదకుటకు అణుశాస్త్రము తోడ్పడినది. 1964లో డీ కీరో మొదలగువారు అయొడిన్-131తో చేసి చూపిన పద్ధతికి నేడు ఇండియం-111 వాడుదురు. నడుమువద్ద సూదితో దానిని వెన్నుద్రవములోని కెక్కించి, ముక్కులో దూదివత్తులుంచుదురు. గామా కెమెరా ద్రవము పయనమును చిత్రించును. గంటల పిదప వత్తులు తీసి, వానిలోని కిరణప్రసారమును రక్తములోని దానితో పోల్చుదురు. విడిచి విడిచి కారు నీరు సైత మిట్లు పట్టుబడవచ్చును; దూది అంతసేపు కాపలా కాయును గదా!

అణువనగానే హిరోషిమాను తలచి బెదరుట తగదు. ఇండియం-111 శక్తి 2.8 దినములలో సగమగును. అయినను ముందుగా ఈ పరీక్షనే కోరుట నాకు సమ్మతము గాదు. కారిన నీటిలో బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ కలదేమో చూచుటకు సూది యక్కరలేదు, ఎముకచీలికను సి.టి. చూపగలదు. అవి తేల్చనిచోట అణుచిత్రము రావలెను.

తలిదండ్రులారా, బిడ్డ ఎన్నడు పడెనో వైద్యునికి చెప్పుడు. ఆ నీటిచుక్కలను శుభ్రమైన సీసాలో పట్టి వెంట గొనిపొండు.