గబ్బిలముల లెక్క

క్రిందటి మాసమున మనము పిచ్చుకలను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున, పేరు వినగనే మనలో పెక్కండ్రు మొగము చిట్లించుకొను ప్రాణిని గూర్చి వ్రాయదలచితిని. గబ్బిలము ఇంట జొరబడిన కీడు మూడునని మనకు తరతరములుగా వచ్చిన నమ్మకము. అయినను మన పూర్వులు దానిని శ్రద్ధతోనే చూచిరి. అమరకోశమున దానికి జతుక యనియు, అజినపత్ర యనియు పేర్లు గలవు. అజినమనగా తోలు, పత్రమనగా రెక్క. ఈకలు లేక తోలురెక్కలతో ఎగురు ప్రాణి యని ఆ యొక్క పేరే చెప్పుచున్నది. పక్షివలె ఎగిరినను ఇది గ్రుడ్డు పెట్టదు. పిల్లను కని పాలిచ్చును. పాలిచ్చు జంతువులలో రెక్కలార్చి ఎగురగలది ఇదియొక్కటియే.

మన దేశమున వీనిలో సుమారు 130 జాతులు గలవు. చింతచెట్లకు వ్రేలాడు పెద్ద గబ్బిలములను, పాడుగుడులలోని చిన్నవానిని మాత్రమే మనమెరుగుదుము. పులులను, ఏనుగులను లెక్కించువారు గలరు గాని, రాతిసందులలో దాగి చీకటిపడిన పిదప వెడలు వీనిని లెక్కించువారు అరుదు. ఆ లెక్కకు పూనుకొన్న యొక చోటి కథ వినుడు.

కర్ణాటకమున కోలారు జిల్లా గలదు. అచ్చట తెలుగు మాటాడు ఇండ్లు పెక్కు. ఆ ప్రాంతపు రాతిగుహలలో దొరకిన యొక ఆకుముక్కు గబ్బిలము లోకమున మరెచ్చటను లేని క్రొత్త జాతి యని కాక్, భట్ అను శాస్త్రజ్ఞులు 1994లో ప్రకటించిరి. హనుమనహళ్లి, తెరహళ్లి యను రెండు గ్రామములే దాని నివాసము. పిమ్మట హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు భార్గవీ శ్రీనివాసులుగారును, వారి తోడివారును ఆ గుహలను వెదకి చూచిరి. ఇట్టి పనికి ఒక స్త్రీ ముందు నిలుచుట మనకెల్లరకు సంతోషకరము.

ఈ లెక్క ఎట్లు జరుగునో తెలిసికొనదగినది. మొదట గ్రామస్థులనే అడుగుదురు. ఏ గుహలో కంపు వచ్చునో, ఏ సందునుండి సందెవేళ గుంపు వెడలునో వారికన్న ఎవరికి తెలియును? తరువాత గుహముఖమున సన్నని వల గట్టి కాచుకొందురు. చిక్కినదానిని మెల్లగా విడదీసి, ముంజేతి పొడవు కొలిచి, తూకము వేసి, అది చూలుదా, పాలిచ్చునదా యని చూచి వదలుదురు. గబ్బిలములు మన చెవికందని కూతలు వేసి, ఆ కూతల ప్రతిధ్వనినిబట్టి దారియు ఆహారమును కనుగొనును. డొనాల్డు గ్రిఫిను అను అమెరికా దేశస్థుడు అట్టి కూతలు గలవని 1938లో యంత్రముతో పట్టి చూపెను. సెకండునకు 20,000 కంపనములు మించిన ధ్వని మనకు వినబడదు. నేడు చేతిలో పట్టుకొను యంత్రమొకటి ఆ కూతను మనము వినదగినంత క్రిందికి దింపును. చూపునకు ఒక్కటిగనే యుండు రెండు జాతులను సైతము కూతనుబట్టి వేరుచేయవచ్చును.

ఇట్లు వెదకగా ఒక మేలును ఒక కీడును బయటపడెను. మధ్యప్రదేశమున జబ్బలపూరు ప్రాంతమున మాత్రమే గలదనుకొన్న మరియొక జాతి కోలారులోను కనబడుట మేలు. తెరహళ్లి గుహలో మన ఆకుముక్కు గబ్బిలము జాడయే లేకపోవుట కీడు. మిగిలినది హనుమనహళ్లిలోని ఒక్క గుహ. అందున్నవి 200కు లోపు. గబ్బిలము సాధారణముగా ఏడాదికి ఒక్క పిల్లనే కనును. ఒక్క గుహ కూలెనా, ఒక జాతి యంతయు పోవును. ఆ కొండలను పగులగొట్టినది గ్రానైటు రాతికొరకు. మన వంటయింటి గట్టుపై పరచుకొను నున్నని రాయియు ఎచ్చటనో ఒక కొండను చీల్చగా వచ్చినదే గదా!

ఇవి పోయిన మనకేమి యందురేమో. చిన్న గబ్బిలములు రాత్రియంతయు పురుగులను తిని పైరును కాచును. పండ్లు తినునవి విత్తనములను వెదజల్లును, పూవులకు పరాగమును చేర్చును. 1972 నాటి వన్యప్రాణి చట్టము పండ్లు తిను గబ్బిలములను ఎలుకలతోను కాకులతోను చేర్చి హానికరములనెను. 2022లో చేసిన సవరణ ఆ పట్టికనే తొలగించెను.

ఇక వ్యాధి భయమున్నది. అది వట్టిది కాదు. 2018లో కేరళమున నిపా జ్వరము వచ్చినపుడు పండ్లు తిను గబ్బిలముల పేరు వినబడెను. కావున గబ్బిలము కొరికిన పండును పిల్లలకు పెట్టవలదు. పండ్లను కడిగియే తినవలెను. నేలబడిన గబ్బిలమును వట్టి చేతితో ముట్టవలదు. ఇంతకు మించి చెట్టు నరికించుటయు, పొగ బెట్టుటయు అక్కరలేదు. చెదరగొట్టినంత మాత్రమున వ్యాధి పోదు. గుంపు మరియొక ఊరికి చేరును.

బియ్యపు డబ్బాలో ఎంత మిగిలెనో చూచుకొనని ఇంట, అడుగంటిన నాడే లేమి తెలియును. లెక్కలేని ప్రాణులకును అదే గతి. మీ యూరి చింతచెట్టుననో, పాతకోటలోనో గబ్బిలములున్నచో, ఒక సందెవేళ పిల్లలను దూరముగా నిలిపి, ఎన్ని వెడలునో లెక్కింపజేయుడు. మరుసటి యేడు మరల లెక్కింపజేయుడు. తగ్గినచో ఎందుకని అడుగుట వారే నేర్చుకొందురు.